మేనేజర్ మారితే జట్టు మారుతుందా?

2025 మేజర్ లీగ్ బేస్‌బాల్ సీజన్ మొదలై ఆరు వారాలు గడిచాయో లేదో, మే 8న పిట్స్‌బర్గ్ పైరేట్స్ తన మేనేజర్ డెరెక్ షెల్టన్‌ను తొలగించింది. మూడు రోజులకు కొలరాడో రాకీస్ బడ్ బ్లాక్‌ను పంపించేసింది. ఆ తర్వాత వారం తిరగకముందే బాల్టిమోర్ ఓరియోల్స్ బ్రాండన్ హైడ్‌ను తీసేసింది. జూలై 6న వాషింగ్టన్ నేషనల్స్, 2019లో తమకు వరల్డ్ సిరీస్ గెలిచిపెట్టిన డేవ్ మార్టినెజ్‌నే సాగనంపింది. నాలుగు ఊళ్ళలోనూ అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఈ పని ఎప్పుడో చేయాల్సిందని ఒకరు, బంతి విసిరేదీ బ్యాట్ తిప్పేదీ ఆయన కాదు కదా అని మరొకరు. ఆ వాదన మధ్యలోకి ఆటగాళ్ళ గది అయిన క్లబ్‌హౌస్ కబుర్లు వచ్చి చేరతాయి. ఆటగాళ్ళు ఆయన మాట వినడం మానేశారట, ఫలానా స్టార్‌కూ ఫలానా కోచ్‌కూ పడటం లేదట.

ఈ తగవు బేస్‌బాల్ అంత పాతది. ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మేనేజర్‌నో కోచ్‌నో మారిస్తే ఫలితాలు నిజంగా మారతాయా? క్లబ్‌హౌస్ లోపలి నుంచి వచ్చే వదంతులను ఎంతవరకు నమ్మవచ్చు? రెంటినీ కలిపే చూడాలి. తొలగింపుకు ముందు నేలను సిద్ధం చేసేది వదంతి. తొలగింపు తర్వాత దానికి కారణంగా చెప్పుకునేదీ వదంతే. డెబ్బై ఎనభై ఏళ్ళ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే అభిమానుల ఇరుపక్షాల్లోనూ కొంత నిజం ఉందనీ, ఇద్దరూ సాధారణంగా తప్పు చోట వెతుకుతున్నారనీ నాకు అనిపిస్తుంది.

ఎవరి చేతిలో ఏముంది

క్రికెట్ అలవాటైన కళ్ళకు బేస్‌బాల్ మేనేజర్ కొంత వింతగా కనిపిస్తాడు. అరవై ఏళ్ళు దాటినా ఆటగాళ్ళలాగే జట్టు దుస్తులు వేసుకుని డగౌట్‌లో నిలబడతాడు. ఎవరు ఏ వరుసలో బ్యాటింగ్ చేయాలి, అలసిన పిచర్‌ను ఎప్పుడు దించి ఎవరిని దింపాలి అన్నవి ఆయన నిర్ణయాలు. పక్కన సలహాకు బెంచ్ కోచ్ ఉంటాడు. పిచింగ్ కోచ్, హిటింగ్ కోచ్, మొదటి బేస్, మూడో బేస్ దగ్గర నిలబడే కోచ్‌లు, బుల్‌పెన్ కోచ్, క్యాచింగ్ కోచ్ వేరుగా ఉంటారు. ఆరు నెలల్లో 162 ఆటలు. ఎడతెరిపి లేని ప్రయాణాలు, ఎప్పుడోగానీ దొరకని విశ్రాంతి రోజులు.

అయితే జట్టులో ఎవరుండాలో మేనేజర్ నిర్ణయించడు. అది మేడ మీది ఆఫీసు పని. జనరల్ మేనేజర్, ఆయన పైన బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు, అందరి పైనా యజమాని. గత ఇరవై ఏళ్ళలో గణాంకాల విశ్లేషణ పెరిగిన కొద్దీ మైదానంలోని నిర్ణయాలు కూడా చాలావరకు ఆ ఆఫీసు తయారుచేసిన ప్రణాళిక ప్రకారమే సాగుతున్నాయి. అంటే మేనేజర్ అధికారం తగ్గింది. బాధ్యత మాత్రం తగ్గలేదు.

దీనికి తోడు డబ్బు సంగతి ఉంది. ఆటగాళ్ళ ఒప్పందాలకు పూర్తి హామీ ఉంటుంది. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్ మెట్స్ హువాన్ సోటోతో 15 ఏళ్ళకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆయన ఒక నెల సరిగా ఆడకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఇరవై ఆరుగురు ఆటగాళ్ళను ఒక్కసారిగా మార్చడం కుదరని పని, మేనేజర్‌ను మార్చడం ఒక ఉదయపు పని. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం ఇక్కడ ఒక వ్యవస్థగానే నడుస్తోంది. అభిమానులు ఏ వాదన మొదలుపెట్టినా ఈ లెక్కను ముందు మనసులో ఉంచుకోవాలి.

సీజన్ మధ్యలో మార్పు

మళ్ళీ 2025కే వద్దాం. షెల్టన్ ఉన్నప్పుడు పైరేట్స్ 12 ఆటలు గెలిచి 26 ఓడింది. ఆయన స్థానంలో వచ్చిన డాన్ కెల్లీ కింద 59 గెలిచి 65 ఓడింది. ఓరియోల్స్ హైడ్ కింద 15-28తో ఉండగా, టోనీ మాన్సొలినో వచ్చాక 60-59 అయింది. రాకీస్ 7-33 దగ్గర బ్లాక్‌ను తీసేసింది. వారెన్ షేఫర్ కింద 36-86తో సీజన్ ముగించింది. నేషనల్స్ మాత్రం మార్టినెజ్ కింద 37-53, మిగెల్ కైరో కింద 29-43. అంటే నాలుగింటిలో మూడు జట్లు మెరుగుపడ్డాయి, ఒకటి ఉన్న చోటే ఉంది.

మూడు జట్లు మెరుగుపడ్డాయన్న మాట మార్పు కోరినవారికి బలమైన సాక్ష్యంలా కనిపిస్తుంది. కానీ అంతకు ముందు ఏడాది లెక్క కూడా చూడాలి. 2024లో పైరేట్స్ వంద ఆటలకు 47 చొప్పున గెలిచింది. 2025లో కెల్లీ వచ్చాక దాదాపు 48 చొప్పున. జట్టు కొత్త ఎత్తుకు ఎక్కలేదు, తన మామూలు స్థాయికి తిరిగి వచ్చింది. ఓరియోల్స్ మాన్సొలినో కింద సగం ఆటలు గెలిచిన మాట నిజమే. అదే జట్టు 2024లో హైడ్ కిందే 91 ఆటలు గెలిచింది. మేనేజర్ ఉద్యోగం ఎప్పుడు పోతుంది? జట్టు తన సత్తా కంటే బాగా కిందికి పడిపోయినప్పుడు. అలా పడిపోయిన జట్టు, ఎవరున్నా లేకపోయినా, కొంత పైకి లేస్తుంది. ఆ లేవడం కొత్తాయన ఖాతాలో పడుతుంది.

నెదర్లాండ్స్ ఆర్థికశాస్త్రవేత్త బాస్ టెర్ వేల్ ఇదే ప్రశ్నను ఫుట్‌బాల్‌లో వేశారు. 1986 నుంచి 2004 దాకా డచ్ లీగ్ జట్లను తీసుకుని, కోచ్‌ను మార్చిన జట్లను, అలాంటి దెబ్బలే తిని కూడా మార్చని జట్లతో పోల్చారు. రెండు రకాల జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. ఆట వేరు కావచ్చు గానీ, ఆ పోలిక వేసిన తీరు మనకు పనికొస్తుంది. మార్చిన జట్టు బాగుపడిందా అని మాత్రమే అడిగితే జవాబు దొరకదు. మార్చని జట్టు ఏమైందో కూడా అడగాలి.

అలా అడిగితే 2019 వాషింగ్టన్ కథ వెంటనే గుర్తుకు రావాలి. ఆ ఏడాది మే 23 నాటికి నేషనల్స్ 19 గెలిచి 31 ఓడింది. మార్టినెజ్‌ను తీసేయాలని నగరమంతా గొడవ. యాజమాన్యం అంతకు మూడు వారాల ముందు పిచింగ్ కోచ్ డెరెక్ లిలిక్విస్ట్‌ను పంపి పాల్ మెన్‌హార్ట్‌ను తెచ్చింది గానీ, మేనేజర్ జోలికి పోలేదు. ఆ జట్టు 93 ఆటలు గెలిచి, ప్లేఆఫ్స్‌లో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వెళ్ళి, హ్యూస్టన్ ఆస్ట్రోస్‌ను ఏడు ఆటల్లో ఓడించి వరల్డ్ సిరీస్ ఎత్తుకుంది. ఆ మేలో ఆయన్ను తీసేసి ఉంటే, వచ్చిన కప్పు కొత్త మేనేజర్ గొప్పతనానికి శాశ్వతమైన రుజువుగా నిలిచిపోయేది.

అవతలి పక్షం ఎత్తి చూపే గొప్ప ఉదాహరణలు లేకపోలేదు. 2003 మే 11న ఫ్లోరిడా మార్లిన్స్ 16-22 దగ్గర జెఫ్ టోర్బోర్గ్‌ను తీసేసి, 72 ఏళ్ళ జాక్ మెకియాన్‌ను పిలిచింది. ఆయన కింద 75-49తో దూసుకెళ్ళి, యాంకీస్‌ను ఓడించి కప్పు గెలిచింది. నిజంగా అద్భుతమే. అయితే టోర్బోర్గ్ పోవడానికి రెండు రోజుల ముందే డాంట్రెల్ విల్లిస్ అనే కుర్ర పిచర్ జట్టులోకి వచ్చాడు. ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడు అతనే. జూన్‌లో మిగెల్ కబ్రేరా వచ్చాడు. మెకియాన్ చేతికి అందిన జట్టు, టోర్బోర్గ్ నడిపిన జట్టు ఒకటి కావు.

2022 ఫిలడెల్ఫియా కథను అంత తేలిగ్గా విడదీయలేం. జూన్ 3న 22-29 దగ్గర జో జిరార్డిని తీసేసి, ఆయన బెంచ్ కోచ్ రాబ్ థామ్సన్‌కే పగ్గాలిచ్చారు. మూడు వారాలకు జట్టులోని అతి పెద్ద బ్యాటర్ బ్రైస్ హార్పర్ బొటనవేలు విరిగి రెండు నెలలు దూరమయ్యాడు. అయినా థామ్సన్ కింద ఆ జట్టు 65-46తో ఆడి వరల్డ్ సిరీస్‌కు చేరింది. తర్వాతి మూడు సీజన్లలో వరుసగా 90, 95, 96 ఆటలు గెలిచింది. కిందపడి లేవడం అన్న వివరణ ఇక్కడ సరిపోదు. ఆ మనిషి ఆ ఆటగాళ్ళకు కుదిరాడని ఒప్పుకోవాలి. అదే జూన్‌లో, నాలుగు రోజుల తేడాతో, లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్ 12 వరుస ఓటముల తర్వాత జో మాడన్‌ను తీసేసింది. ఓటముల వరుస 14కు చేరింది. సీజన్ 73-89తో ముగిసింది. ఒకే వారం, ఒకే మందు, రెండు విధాల ఫలితాలు.

సీజన్ల మధ్య జరిగే మార్పుల్లో ఇంకో చిక్కు ఉంది. డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు దగ్గరి జట్టు టెక్సస్ రేంజర్స్. 2022లో 68 ఆటలే గెలిచిన ఆ జట్టు, రిటైరైన బ్రూస్ బోచీని పిలుచుకొచ్చి 2023లో 90 గెలిచి చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ సాధించింది. బోచీ అంతకు ముందే శాన్ ఫ్రాన్సిస్కోతో మూడుసార్లు గెలిచినవాడు. అలాగని ఘనతంతా ఆయనకే ఇస్తే, 2021 చివర్లో కోరీ సీగర్, మార్కస్ సెమియన్‌ల మీద కలిపి 50 కోట్ల డాలర్లు పెట్టిన ఆఫీసును మరిచిపోయినట్టే. ఐపీఎల్ తొలి రోజుల్లో హైదరాబాద్ అభిమానులు ఇదే చూశారు. 2008లో 14 ఆటల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచిన డెక్కన్ ఛార్జర్స్, 2009లో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో, డారెన్ లేమన్ శిక్షణలో కప్పు గెలిచింది. ఆ ఏడాది పోటీ దక్షిణాఫ్రికాకు మారింది, ఆర్.పి. సింగ్ 23 వికెట్లు తీశాడు. ఎవరి వాటా ఎంతో ఇప్పటికీ ఎవరూ విడదీయలేరు.

కోచ్‌ల పని ఎక్కడ కనిపిస్తుంది

మేనేజర్ తర్వాత అభిమానుల కోపం హిటింగ్ కోచ్ మీద పడుతుంది. 2021 మే 3న, సీజన్ మొదలై నెల దాటిందో లేదో, మెట్స్ హిటింగ్ కోచ్ చిలీ డేవిస్‌ను, ఆయన సహాయకుడిని తొలగించింది. బ్యాటింగ్ ఆ ఏడాది గాడిన పడలేదు. జట్టు 77-85తో ముగించింది. మరుసటి ఏడాది ఎరిక్ చావెజ్ హిటింగ్ కోచ్‌గా వచ్చాడు, జట్టు 101 ఆటలు గెలిచింది. 2025లో జూన్ 12 నాటికి 45-24తో లీగ్‌లోనే ముందున్న మెట్స్ చివరికి 83-79కి జారి ప్లేఆఫ్స్ కూడా అందుకోలేకపోయింది. అప్పుడు మేనేజర్ కార్లోస్ మెండోజాను ఉంచి, పిచింగ్ కోచ్ జెరెమీ హెఫ్నర్‌తో పాటు చావెజ్‌నూ పంపించారు. 2022లో జట్టును గెలిపించిన కోచ్ మూడేళ్ళకు జట్టును ముంచిన కోచ్‌గా మారాడా? జట్టు మొత్తం గెలుపోటములతో కోచ్‌ను తూచితే ఇలాంటి జవాబు లేని ప్రశ్నలే మిగులుతాయి.

శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ సంగతీ అంతే. గేబ్ క్యాప్లర్ 13 మంది కోచ్‌లతో లీగ్‌లో ఎవరికీ లేనంత పెద్ద బృందాన్ని కట్టాడు. అందులోని అలిసా నాకెన్ మేజర్ లీగ్ జట్టులో పూర్తికాలపు కోచ్‌గా చేరిన మొదటి మహిళ. 2021లో ఆ జట్టు 107 ఆటలు గెలిచి తన రికార్డును తానే తిరగరాసింది. వ్యక్తిగత శ్రద్ధ పెట్టే కోచింగ్ వల్లే ఇదంతా అని అందరూ రాశారు. ఆ సీజన్ తర్వాత క్యాచర్ బస్టర్ పోసీ రిటైరయ్యాడు. 2022లో అదే క్యాప్లర్ కింద ఫలితం 81-81. 2023లో సీజన్ ఇంకా మూడు ఆటలుండగా క్యాప్లర్‌ను తీసేశారు.

ఇవన్నీ చూసి కోచ్‌ల వల్ల ఒరిగేదేమీ లేదనుకోవడం పెద్ద పొరపాటు. వాళ్ళ పని జట్టు పట్టికలో కన్నా ఒక్కొక్క ఆటగాడిలో స్పష్టంగా కనబడుతుంది. పైరేట్స్‌లో ఉండగా గెరిట్ కోల్ 2017లో 203 ఇన్నింగ్స్‌లో 196 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఆస్ట్రోస్‌కు వెళ్ళాక పిచింగ్ కోచ్ బ్రెంట్ స్ట్రోమ్, విశ్లేషకులు కలిసి అతని సింకర్ వాడకం తగ్గించి, బ్యాటర్ ఛాతీ ఎత్తున దూసుకుపోయే ఫాస్ట్‌బాల్‌ను, బ్రేకింగ్ బంతులను పెంచారు. 2018లో 200 ఇన్నింగ్స్‌లో 276 స్ట్రైకౌట్లు, 2019లో 326. అదే చేయి, దాదాపు అదే వేగం. ఏ బంతి ఎప్పుడు ఎక్కడ వేయాలన్న ఆలోచన మాత్రం మారింది. బ్యాటింగ్‌లో జె.డి. మార్టినెజ్ అలాంటివాడే. 2014 మార్చిలో ఆస్ట్రోస్ అతన్ని వదిలేసింది. అంతకు ముందే అతను జట్టు బయటి కోచ్‌ల దగ్గర తన స్వింగ్ మొత్తం మార్చుకున్నాడు. డెట్రాయిట్ తీసుకుంటే ఆ ఏడాదే 23 హోమ్ రన్లు కొట్టాడు. అతనికి నేర్పినవారిలో ఒకడైన రాబర్ట్ వాన్ స్కొయాక్ తర్వాత డాడ్జర్స్ హిటింగ్ కోచ్ అయ్యాడు.

పాత తరంలో దీనికి పేరుపడ్డవాడు లియో మజోని. 1990 నుంచి 2005 దాకా అట్లాంటా బ్రేవ్స్ పిచింగ్ కోచ్. ఆర్థికశాస్త్రవేత్త జె.సి. బ్రాడ్‌బరీ ఒకే పిచర్ మజోని దగ్గర ఎలా ఆడాడు, వేరే చోట ఎలా ఆడాడు అని పోల్చి చూస్తే, తొమ్మిది ఇన్నింగ్స్‌కు అర పరుగుకు మించి తేడా తేలింది. ఇది చాలా పెద్ద తేడా. అయితే మజోని 2006లో బాల్టిమోర్ వెళ్తే ఆ మాయ అక్కడ పనిచేయలేదు. రెండేళ్ళకు ఆయన్నూ తీసేశారు. మంచి కోచ్‌కు కూడా తన పద్ధతికి తగిన పిచర్లు, ఆ పద్ధతిని నమ్మే మేనేజర్, ఓపిక పట్టే ఆఫీసు కావాలి. కోచింగ్ ఫలితం పంటలాంటిది, నాటిన నెలకే కోయలేం. నాలుగు వారాలకే హిటింగ్ కోచ్‌ను తీసేయమనడం ఆ కోచ్ పనిని అసలు చూడకుండానే తీర్పు చెప్పడం.

గెలిస్తే కుటుంబం, ఓడితే ముఠాలు

క్లబ్‌హౌస్ సామరస్యం గురించిన నమ్మకం అభిమానుల్లో ఇంకా బలంగా ఉంటుంది. కలిసిమెలిసి ఉంటేనే గెలుస్తారని. చరిత్ర దీన్ని అంత సులువుగా ఒప్పుకోదు. 1972 నుంచి 1974 దాకా వరుసగా మూడు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన ఓక్లాండ్ ఎ'స్ తమలో తాము కొట్టుకోవడానికి పేరుపడ్డ జట్టు. 1974 జూన్‌లో రెగీ జాక్సన్, బిల్ నార్త్ క్లబ్‌హౌస్‌లో కలబడితే, విడదీయబోయిన క్యాచర్ రే ఫాసీ మెడకు దెబ్బ తగిలి చాలాకాలం ఆడలేకపోయాడు. ఆ ఏడాదీ కప్పు వాళ్ళదే. 1977 జూన్ 18న బోస్టన్‌లో, టీవీలో దేశమంతా చూస్తుండగా, యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ అదే జాక్సన్‌తో డగౌట్‌లో కలబడబోయాడు. ఆ అక్టోబర్‌లో జాక్సన్ ఒకే ఆటలో మూడు హోమ్ రన్లు కొట్టి కప్పు తెచ్చాడు. 2002 జూన్‌లో జెయింట్స్ డగౌట్‌లో బారీ బాండ్స్, జెఫ్ కెంట్ తోసుకున్నారు. ఆ జట్టు వరల్డ్ సిరీస్ ఏడో ఆట దాకా వెళ్ళింది.

1978 యాంకీస్ కథ మరింత పాఠం నేర్పుతుంది. జూలై మధ్యకు బోస్టన్ కంటే 14 ఆటలు వెనకబడ్డారు. జూలై 24న మార్టిన్ కన్నీళ్ళతో రాజీనామా చేశాడు. నెమ్మదస్తుడైన బాబ్ లెమన్ వచ్చాడు. జట్టు కోలుకుంది, అక్టోబర్ 2న ఒకే ఒక్క నిర్ణాయక ఆటలో బకీ డెంట్ హోమ్ రన్‌తో బోస్టన్‌ను దాటింది, కప్పూ గెలిచింది. లెమన్ నెమ్మదితనం పనిచేసిందన్నది అందరూ చెప్పే కథ. అయితే దెబ్బలు తగిలిన పిచర్లు ఆగస్టుకు తిరిగొచ్చారు, క్యాట్‌ఫిష్ హంటర్ మళ్ళీ గెలవడం మొదలుపెట్టాడు, రాన్ గిడ్రీ ఆ ఏడాది 25 గెలిచి మూడే ఓడాడు. ఇంకొక సంగతి ఉంది. ఆగస్టు 10న న్యూయార్క్ దినపత్రికల సమ్మె మొదలైంది. సెప్టెంబర్ పోరు సాగుతున్నన్నాళ్ళూ ఎవరు ఎవరిని ఏమన్నారో తెల్లారేసరికి అచ్చులో రాలేదు. ఆ మౌనం తమకు మేలు చేసిందని ఆ జట్టువాళ్ళే తర్వాత చెప్పుకున్నారు.

దీనికి సరిగ్గా ఎదురు కథ 2011 బోస్టన్ రెడ్ సాక్స్‌ది. సెప్టెంబర్ మొదట్లో టాంపా బే కంటే తొమ్మిది ఆటల ముందున్న జట్టు, ఆ నెలలో 7 గెలిచి 20 ఓడింది. చివరి రోజు చివరి ఇన్నింగ్స్‌లో ప్లేఆఫ్స్ చేజారాయి. రెండు వరల్డ్ సిరీస్‌లు గెలిచిపెట్టిన టెర్రీ ఫ్రాంకోనా రెండు రోజులకు వెళ్ళిపోయాడు. అక్టోబర్‌లో బోస్టన్ గ్లోబ్ పత్రిక ఒక పెద్ద కథనం వేసింది. తమ వంతు లేని రోజుల్లో పిచర్లు జోష్ బెకెట్, జాన్ లెస్టర్, జాన్ లాకీ క్లబ్‌హౌస్‌లో బీరు, వేయించిన కోడి లాగిస్తూ కూర్చున్నారని. లెస్టర్ ఆ మాట చాలావరకు ఒప్పుకున్నాడు కూడా. దాంతో ఆ పతనానికి కోడి, బీరే పేర్లయ్యాయి.

తర్వాత జరిగిందేమిటి? కట్టుదిట్టమైన మనిషి కావాలని బాబీ వాలెంటైన్‌ను తెచ్చారు. 2012లో జట్టు 69-93తో అడుగున పడింది. ఆయన్ను తీసేసి, ఒకప్పుడు అక్కడే పిచింగ్ కోచ్‌గా పనిచేసిన జాన్ ఫారెల్‌ను పిలిచారు. 2013లో కప్పు గెలిచారు. ఆ వరల్డ్ సిరీస్‌లో నాలుగు గెలుపుల్లో రెండు లెస్టర్‌వి, కప్పు అందించిన ఆరో ఆట గెలుపు లాకీది. కోడి కథలో ముగ్గురు దోషుల్లో ఇద్దరు వాళ్ళే. 2011 సెప్టెంబర్‌లో వాళ్ళ చేతులు సరిగా పనిచేయలేదు, గాయాల వల్ల మరో ఇద్దరు పిచర్లు బుఖోల్జ్, మాత్సుజాకా లేరు. 2013లో చేతులు పనిచేశాయి. మనుషులు దుర్మార్గుల నుంచి సన్మార్గులుగా మారలేదు.

క్రమశిక్షణ అక్కర్లేదని నేననడం లేదు. 162 ఆటలు కలిసి బతికే చోట ఒకరిమీద ఒకరికి నమ్మకం ఉంటే పని హాయిగా సాగుతుంది, కొత్త కుర్రాళ్ళు త్వరగా నేర్చుకుంటారు. అది నిజమైన విలువే. గెలుపుకు అదే మూలమని చెప్పడం మాత్రం చరిత్ర ముందు నిలబడదు. గెలిచిన జట్టులో గొడవ జరిగితే పట్టుదల అంటాం, ఓడిన జట్టులో అదే గొడవను కుళ్ళు అంటాం. ఫలితం ముందు వస్తుంది, కథ దాని వెనకాల అల్లుకుంటుంది.

వదంతి ఎవరి నోటి నుంచి

అమెరికాలో ఆటకు ముందూ తర్వాతా విలేకరులు క్లబ్‌హౌస్‌లోకి వెళ్ళవచ్చని లీగ్ నియమం. మహిళా విలేకరులు ఆ హక్కును కోర్టులో గెలుచుకున్నారు. మెలిసా లడ్కీ వేసిన దావాలో 1978లో న్యాయమూర్తి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ తీర్పిచ్చారు. రోజూ లోపలికి వెళ్ళే విలేకరికి నిజాలు దొరుకుతాయి. అదే దారిలో స్వప్రయోజనాలూ బయటికి వస్తాయి. వేరే జట్టుకు పోవాలనుకునే ఆటగాడు, అతని ఏజెంట్, తొలగింపుకు ముందే జనాన్ని సిద్ధం చేయాలనుకునే ఆఫీసు, ఉద్యోగం పోయిన కోచ్, అందరికీ చెప్పుకోవలసిన కథ ఒకటి ఉంటుంది. ఫ్రాంకోనా వెళ్ళిపోయాక ఆయన వివాహ సమస్యలు, ఆయన వాడే నొప్పి మందుల గురించి పేరులేని మనుషుల మాటలతో రాశారు. ఎనిమిదేళ్ళు ఒక ఊరిని గెలిపించిన మనిషికి అది తీరని అవమానం. ఆ తర్వాత ఆయన క్లీవ్‌లాండ్‌లో 11 సీజన్లు పనిచేసి, మూడుసార్లు ఉత్తమ మేనేజర్‌గా ఎన్నికయ్యాడు. ఆ రాతలకు బోస్టన్‌లో ఎవరూ జవాబుదారీ కాలేదు.

అన్ని వదంతులూ అబద్ధాలు కావు. 1947 మేలో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్‌లో స్టాన్లీ వుడ్‌వార్డ్ రాసిన వార్త ఉంది. బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఆడుతున్నందుకు సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాళ్ళు సమ్మె చేయాలని చూశారని. ఆటగాళ్ళు కాదన్నారు, ఆ పథకం ఎంతవరకు వెళ్ళిందన్నది చరిత్రకారుల మధ్య ఇంకా చర్చే. కానీ ఆ గుసగుస అచ్చులోకి రావడం వల్ల అలాంటి ఆలోచనకు తలుపులు మూసుకున్నాయి. ఆస్ట్రోస్ 2017లో కెమెరాతో సంకేతాలు దొంగిలించి, చెత్తడబ్బా కొట్టి బ్యాటర్‌కు చెప్పిన వ్యవహారం కూడా ఏళ్ళ తరబడి లీగంతా వదంతిగానే తిరిగింది. 2019 నవంబర్‌లో ఆ జట్టులో ఆడిన మైక్ ఫియర్స్ తన పేరుతోనే ద అథ్లెటిక్‌కు చెప్పాకే నిజమని తేలింది. ఆ తర్వాత ఒక ఆస్ట్రోస్ అభిమాని 58 ఆటల వీడియోలు కూర్చుని విని, 8,200కు పైగా బంతుల్లో 1,143 చోట్ల డబ్బా చప్పుడు లెక్కపెట్టి అందరి ముందూ పెట్టాడు. తన జట్టుకు చెడ్డపేరు తెచ్చే లెక్కను తానే చేశాడు. అభిమానం అంటే ఇదని నేను నమ్ముతాను. అదే సమయంలో ఆటగాళ్ళు ఒంటికి బజర్లు కట్టుకున్నారన్న పుకారూ వచ్చింది. దానికి ఆధారం దొరకలేదని లీగ్ ప్రకటించింది. రెండూ ఒకే జట్టు గురించి, ఒకే చలికాలంలో వచ్చినవి. ఒకదాని వెనక పేరున్న సాక్షి, వినదగిన శబ్దం ఉన్నాయి, రెండోదాని వెనక ఏమీ లేదు.

ఏమీ చెప్పకుండా దాచినా నష్టమే. 2021 మే 7న మెట్స్ డగౌట్ వెనక సొరంగంలో ఫ్రాన్సిస్కో లిండోర్, జెఫ్ మెక్‌నీల్ ఏదో గొడవపడ్డారు. అడిగితే ఒక ఎలుకను చూశామనీ, అది ఎలుకా రకూనా అని వాదించుకున్నామనీ చెప్పారు. నమ్మినవారెవరూ లేరు. ఫీల్డింగ్ విషయంలో జరిగిన వాగ్వాదమని తర్వాత తెలిసింది. మామూలుగా ఏ జట్టులోనైనా జరిగే వాదనను దాచడం వల్ల అది ఏళ్ళ తరబడి ఆ జట్టు మీద వచ్చే ప్రతి పుకారుకూ పునాది అయింది.

ఏది తూచాలి

ఈ ఉదాహరణలన్నిటినీ కలిపి చూస్తే నాకు తేలింది ఇది. సీజన్ మధ్యలో మేనేజర్‌ను మార్చడం వల్ల వచ్చే లాభం చాలాసార్లు జట్టు తన స్థాయికి తిరిగి రావడమే. కొన్నిసార్లు, ఫిలడెల్ఫియాలో లాగా, అంతకు మించిన మేలు జరుగుతుంది. అది తెలుసుకోవడానికి నెలలు కాదు, సీజన్లు కావాలి. కోచ్‌ల ప్రభావం అభిమానులు అనుకునే దానికంటే పెద్దది, కానీ నెమ్మదైనది, ఒక్కొక్క ఆటగాడిలో విడిగా కనిపించేది. క్లబ్‌హౌస్ గొడవ ఓటమికి కారణమని నిరూపించడం దాదాపు అసాధ్యం. వదంతిని నమ్మాలంటే పేరు పెట్టి చెప్పిన మనిషైనా ఉండాలి, పరీక్షించదగిన ఆధారమైనా ఉండాలి. తొలగింపు రోజునే బయటపడే కథలను అన్నిటికన్నా ఎక్కువగా అనుమానించాలి.

కోచ్‌ను తీసేయమని అడిగే హక్కు అభిమానికి ఉంది. టికెట్టు కొనేది, పిల్లలకు ఆ టోపీ పెట్టేది, ఓడిన రాత్రి నిద్ర పోగొట్టుకునేది వాళ్ళే. అడిగేటప్పుడు మూడు సంగతులు చూడమంటాను. ఈ కోచ్ చేతి కింద ఏ ఆటగాడు మెరుగయ్యాడు, ఎవరు దిగజారారు? ఇంతే దెబ్బతిని కోచ్‌ను మార్చని జట్లు ఏమయ్యాయి? ఈ జట్టును ఎంపిక చేసిందెవరు, వాళ్ళు ఏం జవాబు చెప్పారు? మూడో ప్రశ్న అన్నిటికంటే తక్కువగా అడుగుతున్నాం. 2025 జూలైలో నేషనల్స్ మార్టినెజ్‌తో పాటు, ఆ జట్టును ఏళ్ళ తరబడి కూర్చిన జనరల్ మేనేజర్ మైక్ రిజోను కూడా అదే రోజు పంపించింది. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. మేనేజర్ ఒక్కడినే బలిపెట్టి చేతులు దులుపుకోకుండా, జట్టును కూర్చినవారిని కూడా లెక్కలోకి తీసుకున్నందుకు దాన్ని గుర్తుంచుకోవాలి. మిగతా జట్ల అభిమానులు కూడా తమ యాజమాన్యాల నుంచి ఇలాంటి లెక్కే అడగడం మొదలుపెడితే, ఏటా జరిగే తొలగింపులు తగ్గుతాయి, జరిగిన కొన్నింటికైనా అర్థం ఉంటుంది.